కుక్కకాటు - నష్టపరిహారం

కుక్కకాటు నష్టపరిహారం అనగా కుక్క కరవడం వలన గాయపడిన వ్యక్తికి, లేదా ఆ కాటు వలన మరణించిన వ్యక్తి కుటుంబానికి, అందుకు బాధ్యులైన వారు చెల్లించవలసిన సొమ్ము. భారతదేశంలో ఈ విషయానికి ప్రత్యేకించి ఒక చట్టం అంటూ లేదు. శిక్షాస్మృతి, అపకృత్యాల చట్టం, పురపాలక చట్టాలు, రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులు, ఉన్నత న్యాయస్థానాల తీర్పులు - ఇవన్నీ కలిసి దీనికి రూపాన్నిచ్చాయి.

బాధితుడు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న: కరిచిన కుక్కకు యజమాని ఉన్నాడా, లేడా? ఉంటే దావా ఆ యజమాని మీద వేయాలి. లేకపోతే వీధికుక్కల నియంత్రణ బాధ్యత గల స్థానిక సంస్థ మీద, రాష్ట్ర ప్రభుత్వం మీద వేయాలి. గాయం ఒకే రకంగా ఉన్నా, ఈ రెండు సందర్భాలలో నిరూపించవలసిన విషయాలు, ఆశ్రయించవలసిన న్యాయస్థానం వేరువేరుగా ఉంటాయి.

చరిత్ర

జంతువు చేసిన హానికి దాని యజమాని జవాబుదారీ అనే భావన చాలా ప్రాచీనమైనది. నేటి ఇరాక్ ప్రాంతంలో వెలసిన ఎష్నున్నా నగర శాసనాలలో (సుమారు క్రీ.పూ. 18వ శతాబ్దం) కరిచే కుక్కను గురించిన నియమం ఉంది. కుక్క ప్రమాదకరమైనదని అధికారులు ముందే తెలియజేసినప్పటికీ యజమాని దానిని అదుపులో ఉంచక, అది కరిచి ఒక స్వతంత్రుడు మరణిస్తే 40 షెకెల్‌ల వెండి, బానిస మరణిస్తే 15 షెకెల్‌ల వెండి చెల్లించాలని అందులో ఉంది. షెకెల్ ఆనాటి తూనిక. ప్రాచీన రోమను చట్టం ప్రకారం జంతువు హాని చేస్తే యజమాని నష్టం చెల్లించాలి, లేదా ఆ జంతువునే బాధితుడికి అప్పగించాలి.

ఇంగ్లండు ఉమ్మడి చట్టం జంతువులను రెండు తరగతులుగా విభజించింది. పులి, ఎలుగుబంటి వంటి క్రూరమృగాలను ఉంచుకున్నవాడు వాటివలన కలిగే హానికి అన్నివేళలా బాధ్యుడే. కుక్క, ఎద్దు వంటి సాధు జంతువుల విషయంలో మాత్రం, ఆ జంతువుకు హాని చేసే గుణం ఉన్నదని యజమానికి ముందే తెలుసునని బాధితుడు రుజువు చేయాలి. ఈ సూత్రాన్ని సైంటర్ సూత్రం అంటారు. బ్రిటిషు పాలనలో ఇంగ్లండు అపకృత్యాల సూత్రాలు "న్యాయం, సమత, సదసద్వివేకం" అనే ప్రాతిపదికపై భారతదేశంలో అమలులోకి వచ్చాయి. భారతదేశంలో అపకృత్యాల చట్టం నేటికీ క్రోడీకరింపబడలేదు.

పెంపుడు కుక్క కరిచినపుడు

సివిల్ బాధ్యత

పెంపుడు కుక్క కరిచినపుడు బాధితుడు సివిల్ న్యాయస్థానంలో నష్టపరిహారపు దావా వేయవచ్చును. ఇందుకు సాధారణంగా రెండు ఆధారాలు ఉంటాయి.

* కుక్క స్వభావం యజమానికి తెలిసి ఉండటం: ఆ కుక్క అంతకుముందు ఎవరినైనా కరిచి ఉండటం, దారిన పోయేవారి మీదికి ఉరికి ఉండటం, ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేసి ఉండటం వంటివి ఇందుకు సాక్ష్యాలు. ఇంటి ముందు "కుక్క ఉన్నది జాగ్రత్త" అనే బోర్డు ఉంటే యజమాని తన బాధ్యత నుంచి పూర్తిగా తప్పించుకోలేడు. పైగా కుక్క స్వభావం అతనికి తెలుసుననడానికి ఆ బోర్డునే ఎదుటి పక్షం చూపవచ్చును.
* నిర్లక్ష్యం: కుక్క పూర్వం ఎవరినీ కరవకపోయినా, గొలుసు లేకుండా వీధిలోకి వదలడం, గేటు తెరిచి ఉంచడం, పెద్ద కుక్కను పసిపిల్లల చేతికి అప్పగించడం వంటి పనులు నిర్లక్ష్యం కిందికి వస్తాయి. జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత ఉన్నదని, అది ఉల్లంఘింపబడినదని, దాని వలననే గాయం అయినదని చూపితే సరిపోతుంది.

క్రిమినల్ బాధ్యత

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత, 2023 లోని 291వ సెక్షను జంతువుల విషయంలో నిర్లక్ష్యాన్ని నేరంగా పరిగణిస్తుంది. తన స్వాధీనంలో ఉన్న జంతువు వలన మనిషి ప్రాణానికి ముప్పుగాని, తీవ్రమైన గాయంగాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి 6 నెలల వరకు జైలుశిక్ష, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. అంతకు పూర్వం ఇదే నేరం 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో 289వ సెక్షనుగా ఉండేది. అప్పటి గరిష్ఠ జరిమానా రూ.1,000. 2024 జూలై 1 కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతియే వర్తిస్తుంది.

ఈ సెక్షనులో "యజమాని" అని కాక "స్వాధీనంలో ఉన్న" అని ఉండటం గమనించదగినది. కుక్కను వాహ్యాళికి తీసుకుపోయే పనివాడు, ఊరు వెళ్ళిన స్నేహితుడి కుక్కను చూసుకుంటున్నవాడు కూడా ఆ సమయానికి బాధ్యులు కావచ్చును. గాయపు తీవ్రతను బట్టి నిర్లక్ష్యంతో గాయపరచడానికి సంబంధించిన 125వ సెక్షను, మరణం సంభవిస్తే 106వ సెక్షను కూడా వర్తింపజేస్తారు.

జరిమానా, నష్టపరిహారం ఒకటి కావు. జరిమానా ప్రభుత్వానికి చెందుతుంది. అయితే భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2023 లోని 395వ సెక్షను ప్రకారం నేరం రుజువైనపుడు బాధితుడికి పరిహారం ఇవ్వవలసిందిగా క్రిమినల్ న్యాయస్థానం ఆదేశించవచ్చును. ప్రజలకు ప్రమాదకరంగా మారిన జంతువును బంధించి ఉంచవలసిందిగా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆదేశించడానికి అదే చట్టంలోని 152వ సెక్షను వీలు కల్పిస్తుంది.

యజమాని చూపగల కారణాలు

* బాధితుడు కుక్కను కొట్టడం, రెచ్చగొట్టడం.
* అనుమతి లేకుండా, దురుద్దేశంతో ఆవరణలో ప్రవేశించడం.
* ప్రమాదం తెలిసి కూడా దానికి సిద్ధపడటం.
* బాధితుడి నిర్లక్ష్యం కూడా తోడవడం. ఈ సందర్భంలో దావా పూర్తిగా వీగిపోదు, పరిహారం మాత్రం ఆ మేరకు తగ్గుతుంది.

పసిపిల్లల విషయంలో ఈ వాదనలకు బలం తక్కువ. అయిదేళ్ళ పిల్లవాడు కుక్క తోకను లాగాడంటే, పెద్దవారికి ఉండవలసిన వివేకం వానికి లేదని తప్పుపట్టడానికి వీలులేదు. పాలు, పత్రికలు, ఉత్తరాలు అందించేవారు, మీటరు చూడటానికి వచ్చేవారు పనిమీద వచ్చినవారే గనుక వారిని అక్రమంగా ప్రవేశించినవారిగా చూపడం కుదరదు.

వీధికుక్క కరిచినపుడు

స్థానిక సంస్థల విధి

వీధికుక్కకు యజమాని లేడు గనుక పైన చెప్పిన మార్గాలు ఇక్కడ పనికిరావు. వీధికుక్కల జనన నియంత్రణ, రేబీస్ టీకాలు స్థానిక సంస్థల విధులు. జంతుహింస నిరోధక చట్టం, 1960 కింద కేంద్ర ప్రభుత్వం 2001 లో కుక్కల జనన నియంత్రణ నియమాలను చేసింది. వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్త నియమాలు వచ్చాయి. వీటి ప్రకారం కుక్కను పట్టుకుని, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటనే తిరిగి వదలాలి. కాబట్టి వీధికుక్కలను విచక్షణారహితంగా చంపడానికి వీలులేదు. విషం పెట్టి చంపడం నేరం. నివాస ప్రాంతాలలో కుక్కలకు ఆహారం పెట్టే చోటు పిల్లలు ఆడుకునే స్థలాలకు, మెట్లకు, రాకపోకల ద్వారాలకు దూరంగా ఉండాలని 2023 నియమాలు చెబుతున్నాయి.

రాజ్యాంగపరమైన పరిహారం

రాజ్యాంగంలోని 21వ అధికరణం జీవించే హక్కుకు హామీ ఇస్తుంది. ప్రభుత్వ వైఫల్యం వలన ఈ హక్కుకు భంగం కలిగినపుడు న్యాయస్థానం నేరుగా పరిహారం ఇప్పించవచ్చునని సుప్రీంకోర్టు రుదుల్ సా కేసు (1983), నీలబతి బెహరా కేసు (1993) లలో స్థిరపరచింది. ఇవి కుక్కకాటు కేసులు కాకపోయినా, వీధికుక్కల బాధితులు 226వ అధికరణం కింద హైకోర్టులో వేసే రిట్ పిటిషన్లకు ఇవే పునాది. నిధులు లేవనే కారణంతో పురపాలక సంఘం తన చట్టబద్ధమైన విధి నుంచి తప్పుకోజాలదని రత్లాం పురపాలక సంఘం కేసులో (1980) సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే రిట్ మార్గానికి ఒక పరిమితి ఉంది. ఎక్కడ, ఎలా, ఎవరి నిర్లక్ష్యం వలన గాయమైనదనే వాస్తవాలపైనే వివాదం ఉన్నపుడు, సాక్షుల విచారణ అవసరమని చెప్పి హైకోర్టు బాధితుడిని సివిల్ దావాకు పంపవచ్చును.

కేరళ కమిటీ

కేరళలో వీధికుక్కల బాధితుల అర్జీలను పరిశీలించడానికి 2016 లో సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఎస్.సిరిజగన్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. బాధితుడు దీర్ఘకాలం వ్యాజ్యం నడపనవసరం లేకుండా, కమిటీకి అర్జీ పెట్టుకుంటే వైద్యపత్రాలను చూసి, స్థానిక సంస్థ ఇవ్వవలసిన మొత్తాన్ని సిఫారసు చేయడం ఈ ఏర్పాటులోని విశేషం.

పంజాబ్, హర్యానా హైకోర్టు తీర్పు

పంజాబ్, హర్యానా హైకోర్టు 2023 లో 193 పిటిషన్లను కలిపి విచారించి ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ముఖ్యమైనది. కుక్కకాటు కేసులలో ఒక్కొక్క పంటిగాటుకు కనీసం రూ.10,000 చొప్పున, చర్మం నుంచి కండ ఊడివచ్చిన గాయమైతే ప్రతి 0.2 సెంటీమీటర్లకు కనీసం రూ.20,000 చొప్పున చెల్లించాలని ఆ తీర్పు నిర్దేశించింది. ఈ లెక్కన నాలుగు పంటిగాట్లు పడితే కనీస పరిహారం రూ.40,000. కండ ఊడిన గాయం ఒక సెంటీమీటరు ఉంటే కనీస పరిహారం రూ.1,00,000.

అర్జీలను పరిష్కరించడానికి ప్రతి జిల్లాలో డిప్యూటీ కమిషనరు అధ్యక్షతన కమిటీ ఏర్పాటు చేయాలని, అర్జీ అందిన నాలుగు నెలలలోగా తేల్చాలని కూడా ఆదేశించింది. పరిహారం చెల్లించే ప్రాథమిక బాధ్యత రాష్ట్రానిదే. తప్పు చేసిన సంస్థ నుంచి లేదా వ్యక్తి నుంచి ఆ సొమ్మును రాష్ట్రం తరువాత రాబట్టుకోవచ్చును. ఈ తీర్పు పంజాబ్, హర్యానా, చండీగఢ్‌లకు వర్తిస్తుంది. ఇతర రాష్ట్రాల హైకోర్టులు దీనికి కట్టుబడనవసరం లేదు గాని, వాటి ముందు దీనిని ఉదాహరించవచ్చును.

సుప్రీంకోర్టు 2025 ఉత్తర్వులు

వీధికుక్కల సమస్యను 2025 జూలైలో సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. ఢిల్లీ పరిసరాలలోని వీధికుక్కలను ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనిని సవరించి, రేబీస్ సోకినవి, క్రూరంగా ప్రవర్తించేవి తప్ప మిగిలినవాటిని శస్త్రచికిత్స, టీకా తరువాత పట్టిన చోటనే వదలాలని చెప్పి, విచారణ పరిధిని దేశమంతటికీ విస్తరించింది. నవంబరు 7న ఇచ్చిన ఉత్తర్వులో విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడాప్రాంగణాలు, బస్టాండులు, రైల్వేస్టేషనుల ఆవరణల నుంచి కుక్కలను తొలగించి, తిరిగి అక్కడ వదలరాదని ఆదేశించింది. ఇటువంటి స్పష్టమైన ఆదేశం ఉన్నచోట దానిని అమలుచేయకపోవడం, ఆ ఆవరణలో గాయపడినవారికి నిర్లక్ష్యాన్ని నిరూపించడంలో తోడ్పడుతుంది.

పరిహారంలో చేరే అంశాలు

సివిల్ దావాలో న్యాయస్థానాలు సాధారణంగా క్రింది పద్దులను పరిగణిస్తాయి.

* టీకాలు, మందులు, శస్త్రచికిత్స, ప్రయాణపు ఖర్చులు
* పనికి పోలేని రోజుల వేతనం, ఆదాయ నష్టం
* నొప్పి, మానసిక వేదన
* ముఖం మీద, కనిపించే అవయవాల మీద మిగిలిన మచ్చలు, శాశ్వత వైకల్యం
* భవిష్యత్తులో అవసరమయ్యే చికిత్స

మరణం సంభవించినపుడు మరణించినవారి భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లల తరఫున ప్రాణాంతక ప్రమాదాల చట్టం, 1855 కింద దావా వేయవచ్చును. ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స ఉచితంగా జరిగినంత మాత్రాన దావా వేసే హక్కు పోదు. ఖర్చుల పద్దు తగ్గినా, మిగిలిన పద్దులు అలాగే ఉంటాయి.

చికిత్స, సాక్ష్యం

ప్రాణరక్షణకు చేసే చికిత్సకు సంబంధించిన పత్రాలే తరువాత దావాకు ముఖ్య సాక్ష్యం అవుతాయి. రేబీస్ లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ప్రతి కేసులోనూ మరణం తప్పదు. కనుక కాటు పడిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాల పాటు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు, కారం, సున్నం వంటివి గాయం మీద పూయరాదు. చర్మానికి వేసే టీకాను 0, 3, 7, 28 రోజులలో ఇస్తారు. చర్మం చీలి రక్తం వచ్చిన గాయాలను మూడవ శ్రేణిగా గుర్తించి, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు.

భద్రపరచవలసిన ఆధారాలు ఇవి:

* గాయపు శ్రేణి, పంటిగాట్ల సంఖ్య, గాయపు కొలతలు నమోదైన ఓ.పి. చీటీ
* టీకాల తేదీలు గల కార్డు, మందుల రసీదులు
* గాయం మానకముందు తీసిన ఛాయాచిత్రాలు
* పోలీసు ఫిర్యాదు లేదా ఎఫ్.ఐ.ఆర్. ప్రతి
* ఆ కుక్క గురించి పురపాలక సంఘానికి, పంచాయతీకి అంతకుముందు ఇచ్చిన ఫిర్యాదుల నకళ్ళు
* ప్రత్యక్ష సాక్షుల వివరాలు, సమీపంలోని కెమెరాల దృశ్యాలు

కరిచిన కుక్క కనబడుతున్నట్లయితే దానిని 10 రోజులపాటు గమనించడం వైద్యపరంగా ఉపయోగకరం. అప్పటికీ అది ఆరోగ్యంగా ఉంటే చికిత్సను కుదించే విషయం వైద్యుడు నిర్ణయిస్తాడు. అంతవరకు టీకాలు ఆపరాదు. కోపంతో కుక్కను చంపితే ఈ అవకాశంతో పాటు, అది ఏ కుక్క అన్న సాక్ష్యం కూడా పోతుంది.

కాలపరిమితి, న్యాయసహాయం

యజమాని మీద వేసే దావాకు కాలపరిమితి చట్టం, 1963 ప్రకారం సాధారణంగా మూడు సంవత్సరాల గడువు ఉంటుంది. చట్టం ప్రకారం చేసిన పనికి, లేదా చేయక విడిచిన పనికి పరిహారం కోరే దావాకు ఒక సంవత్సరమే గడువు. స్థానిక సంస్థలు ఈ నిబంధనను తమకు అనుకూలంగా చూపే అవకాశం ఉన్నందున ఏడాది లోపలే దావా వేయడం క్షేమం. బాధితుడు మైనరైతే అతనికి మేజరిటీ వచ్చిన తరువాతనే గడువు లెక్క మొదలవుతుంది. ప్రభుత్వం మీద దావా వేసే ముందు సివిల్ ప్రొసీజర్ కోడులోని 80వ సెక్షను ప్రకారం రెండు నెలల నోటీసు ఇవ్వాలి.

స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987 కింద ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఇందుకు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. కోర్టు రుసుము చెల్లించలేని ఇతరులు నిర్ధనులుగా దావా వేయడానికి అనుమతి కోరవచ్చును.

తెలుగు రాష్ట్రాలలో

2023 ఫిబ్రవరిలో హైదరాబాదులోని అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ళ బాలుడు మరణించిన ఘటన దేశవ్యాప్తంగా చర్చకు వచ్చింది. తెలంగాణ హైకోర్టు దీనిని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. కుక్కకాటు చికిత్సకు హైదరాబాదులోని నారాయణగూడలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, రేబీస్ రోగులకు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి పేరుపొందినవి. రేబీస్ టీకా అభయ్‌రాబ్‌ను తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ కూడా హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్నది.

ఇతర దేశాలలో

ఇంగ్లండులో జంతువుల చట్టం, 1971 పాత ఉమ్మడి చట్ట సూత్రాల స్థానంలో వచ్చింది. ప్రమాదకరమైన కుక్కల చట్టం, 1991 కింద అదుపుతప్పిన కుక్క వలన మరణం సంభవిస్తే బాధ్యుడికి 14 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చును. నిషేధిత జాతి కుక్కను మినహాయింపుతో ఉంచుకునేవారికి తృతీయపక్ష బీమా తప్పనిసరి.

అమెరికాలో ఈ చట్టం రాష్ట్రానికో విధంగా ఉంటుంది. తెలుగువారు అధికంగా నివసించే కాలిఫోర్నియా, న్యూజెర్సీలలో కుక్క అంతకుముందు ఎవరినీ కరవకపోయినా, దాని స్వభావం యజమానికి తెలియకపోయినా యజమాని బాధ్యుడే. టెక్సాస్‌లో మాత్రం యజమానికి కుక్క స్వభావం తెలుసుననిగాని, అతను నిర్లక్ష్యం వహించాడనిగాని బాధితుడు చూపాలి. న్యూయార్క్‌లో చాలాకాలం నిర్లక్ష్యం ఆధారంగా దావాకు వీలులేకుండా ఉండేది. 2025 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఒక తపాలా ఉద్యోగిని కేసులో ఈ అడ్డంకిని తొలగించింది. అమెరికాలో ఇటువంటి పరిహారాలను తరచు యజమాని గృహబీమా సంస్థ చెల్లిస్తుంది. భారతదేశంలో పెంపుడు జంతువుల బీమా పాలసీలలో తృతీయపక్ష బాధ్యత లభిస్తున్నా అది తప్పనిసరి కాదు. అందువలన తీర్పు అనుకూలంగా వచ్చినప్పటికీ, సొమ్ము చేతికి అందడం యజమాని ఆర్థిక స్థితిపై ఆధారపడి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* రేబీస్
* కుక్క
* లూయీ పాశ్చర్
* జంతుహింస నిరోధక చట్టం, 1960
* భారతీయ న్యాయ సంహిత
* లోక్ అదాలత్